గ్రూపుకి కాదు, మనిషికి పంపు

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది ప్రొద్దుటూరు. నా వయసు 31. ఒక బట్టల అంగట్లో లెక్కలు రాస్తాను. పనయ్యాక నా లోకం వేరే. పాటలంటే ప్రాణం, మన పాతవే కాదు, ఏ దేశానివైనా సరే. ఆదివారం వస్తే బండేసుకుని గండికోటకో, మైలవరం డ్యామ్‌కో, పుష్పగిరికో పోయి ఫోన్‌తో ఫోటోలు తీస్తాను. రాత్రిపూట నెట్‌లో పాత పుస్తకాలు, పాత మ్యాపులు వెతుకుతాను. ఈమధ్య గుజెంగ్ అనే చైనా వాయిద్యం విని దాని ధ్యాసలోనే ఉండిపోయాను. గ్రిబుల్ అనే దొర 1875లో రాసిన కడప జిల్లా మాన్యువల్ కూడా దొరికింది. ఇలా దొరికినవన్నీ ఇంటివాళ్ల గ్రూపులో, స్నేహితుల గ్రూపులో పెట్టేవాణ్ణి. ఒకరిద్దరు బొటనవేలు గుర్తు పెడతారు, మిగతావాళ్లు చూసి ఊరుకుంటారు. సంక్రాంతికి మా బావ అందరి ముందర ‘నీకు పనిలేదేమప్పా, పొద్దన్నుంచీ ఏందో ఒకటి పంపుతానే ఉంటావు’ అన్నాడు. అందరూ నవ్వినారు. అప్పటి నుంచి ఎవరికీ ఏమీ పంపడం లేదు. మా ఆవిడ కూడా ‘నీ ఫోటోలు ఊరంతా చూసినాక గదా నాకు కనపడేది’ అని దెప్పుతుంది. మా జేజి ఒక్కతే నేను పాట పెడితే పక్కన కూర్చుని వినేది. ఆమెకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. చిన్నాయన కొడుకేమో యూట్యూబ్ ఛానల్ పెట్టమంటాడు. పంపితే చులకన, పంపకపోతే లోపల వెలితి. నేనేం చెయ్యాలి? పేరు వెయ్యొద్దు.

సమాధానం:

తమ్ముడూ,

పండగపూట అందరి ముందూ నవ్వులపాలు కావడం ఎవరికైనా కష్టమే. నీ బాధ చిన్నదని నేను అనను. అయితే నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది మీ బావ మాట కాదు, నువ్వు తేలిగ్గా రాసి దాటేసిన మీ ఆవిడ మాట. ‘నీ ఫోటోలు ఊరంతా చూసినాక గదా నాకు కనపడేది.’ దాన్ని నువ్వు దెప్పడం అనుకున్నావు. నీ ఫోటోలంటే విసుగున్న మనిషి అలా అనదు. చూడాలని ఉండి, ముందు తనకు చూపించలేదని నొచ్చుకున్న మనిషి అనే మాట అది. ఊళ్లోవాళ్లు పట్టించుకోలేదని నువ్వు బాధపడుతున్నావు. పట్టించుకునే మనిషి ఇంట్లోనే తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

అందుకే అక్కడి నుంచే మొదలుపెట్టు. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చాక ఫోటోలు ఎవరికీ పంపకు. ఫోన్ ఆమె చేతికిచ్చి, ‘వీటిలో ఏవి ఉంచుకుందాం, ఏవి తీసేద్దాం?’ అని అడుగు. ఆమెను మంచి చేసుకోవడానికని ఈ మాట చెప్పడం లేదు. నీ ఫోటోలకు నిజంగా మేలు చేసే పని ఇది. తీసినవాడికి ఆ ఎండ, ఎక్కిన గుట్ట, వెలుగు కోసం కాచుకుని కూర్చున్న సేపు అన్నీ గుర్తుంటాయి. కష్టపడి తీశాం కాబట్టి ఫోటో బాగుందనే అనిపిస్తుంది. అక్కడికి రాని మనిషికి ఫోటోలో ఉన్నది మాత్రమే కనపడుతుంది. ఏది నిలబడుతుందో, ఏది ఉత్తదో ఆమె చూపుకు వెంటనే తెలుస్తుంది. లోయ అంచున నిలబడి తీసిన యాభైలో ఆమె మూడు ఉంచితే, ఆ మూడే ఉంచు. తీసెయ్యమన్న దాని మీద నీకు మనసుంటే, అది ఎందుకు ఉండాలో ఆమెకు చెప్పి చూడు. అలా చెప్పేటప్పుడు, అక్కడ నువ్వు నిజంగా ఏం చూశావో నీకే తేటపడుతుంది.

వీలు చూసుకుని ఆమెను కూడా వెంట తీసుకుపో. పుష్పగిరి మంచి చోటు. పెన్న ఒడ్డు, గుడి గోడల మీద వరసగా చెక్కిన రామాయణ భారతాల బొమ్మలు. ఆమె ఎక్కడ ఆగుతుందో, దేన్ని చూసి నవ్వుతుందో గమనించి ఫోన్ అటు తిప్పు.

ఇంకో సంగతి చెప్పాలి, నొచ్చుకోకు. నీ ఉత్తరంలో నీకు ఇష్టమైనవి అన్నీ ఉన్నాయి. పాటలు, కోటలు, మ్యాపులు, చైనా వాయిద్యం. మీ బావకు ఏం ఇష్టమో, నీ స్నేహితులు ఏం వింటారో, మీ ఆవిడ రాత్రిపూట ఫోన్‌లో ఏం చూస్తుందో ఒక్క ముక్క లేదు. వాళ్లు కూడా గ్రూపులో ఏవో పెడుతూనే ఉంటారు కదా. క్రికెట్ వీడియో, పాప డాన్సు, కొత్తగా కొన్న బండి. వాటికి నువ్వేం జవాబిచ్చావో గుర్తు చేసుకో. బొటనవేలు గుర్తేనా? ఒకరి ఇష్టాన్ని మనం ఆగి చూస్తే, మన ఇష్టాన్ని చూడటానికి వాళ్లూ ఆగుతారు. అందరూ ఆగరు, నిజమే. ఒకరిద్దరు ఆగినా నీకు సరిపోతుంది.

గ్రూపు సంగతికొస్తే, ఇంటివాళ్ల గ్రూపు ఉన్నది పెళ్లి తేదీలకు, ఆస్పత్రి కబుర్లకు, ఎవరు ఏ బస్సులో వస్తున్నారో చెప్పుకోవడానికి. అక్కడ పాట పెట్టడం పెళ్లిపందిట్లో మైకులో మాట్లాడినట్టే. అందరి చెవినా పడుతుంది, నన్నే పిలిచారని ఎవరూ అనుకోరు. మీ బావ వెటకారం తప్పే. కానీ ఆ మాటలో ‘పొద్దన్నుంచీ’ అన్న ముక్క ఉంది చూడు, దాన్ని మాత్రం తీసుకో. ఆయన విసుక్కున్నది నీ ఇష్టాల మీద కాకపోవచ్చు, మాటిమాటికీ మోగే ఫోన్ మీద కావచ్చు. ఆయనతో వాదం పెట్టుకోకు. ఇంటివాళ్ల గ్రూపులో పాటలు, లింకులు పెట్టడం ఆపెయ్. నీకు దొరికింది ఎవరికి సంతోషమిస్తుందో ఆలోచించి ఆ ఒక్కరికే పంపు. అలాంటి మనిషి ఎవరూ తట్టకపోతే, తట్టేదాకా నీ దగ్గరే ఉంచుకో.

ఆ గుజెంగ్ సంగతే చూద్దాం. నువ్వు వీడియో లింకు పెట్టి ‘తప్పకుండా వినండి’ అని రాసుంటావు. అవతలివాళ్లకు ఆ పేరే కొత్త, దేని కోసం వినాలో తెలియదు. ఇప్పుడు నేను చెప్పేది విను. ఈ రోజుల్లో వాడే గుజెంగ్‌కు మామూలుగా 21 తీగలుంటాయి. ఇన్ని తీగలున్నా వాటిని శ్రుతి చేసేది ఐదే స్వరాలకు. ఆ ఐదు మన లెక్కలో స, రి, గ, ప, ద. మ, ని ఉండవు. అంటే మన మోహన రాగానికి ఉన్న స్వరాలే. హిందుస్తానీ వాళ్ల భూప్ రాగానివీ ఇవే. కుడి చేత్తో మీటుతూ, ఎడమ చేత్తో తీగను నొక్కి స్వరాన్ని వంచుతారు. అందుకే అక్కడక్కడ వీణ మీద గమకం విన్నట్టే ఉంటుంది. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటే అయిపోదు, నడక వేరు, అలంకారం వేరు. అయినా మోహనం తెలిసిన చెవికి అది పరాయి పాటలా ఉండదు.

నీకు తెలిసినవాళ్లలో ఎవరి పాపో సంగీతం నేర్చుకుంటూ ఉంటుంది. మోహనంలో గీతం మొదటి పాఠాల్లోనే వస్తుంది. ఆ పాప నాన్నకు ఒక్కడికే పంపు. ‘పాప నేర్చుకుంటున్న మోహనం స్వరాలే ఇవి, చైనావాళ్లు వాయిస్తున్నారు. రెండో నిమిషం నుంచి కాసేపు వినిపించు, గుర్తుపడుతుందేమో చూద్దాం’ అని రాయి. ఏ నిమిషం నుంచి మొదలవ్వాలో అక్కడి నుంచే తెరుచుకునేలా యూట్యూబ్ లింకు పంపే వీలుంది. అది చేతకాకపోతే నిమిషం రాసినా చాలు. వినేవాళ్ల సమయం నువ్వు లెక్కలోకి తీసుకున్నావని వాళ్లకు అర్థమవుతుంది. ఆ పాప గుర్తుపట్టిందనుకో, ఆ ఇంట్లో గుజెంగ్ పేరు ఇక మర్చిపోరు. గుర్తుపట్టకపోయినా వాళ్లతో నీకు ఒక మాట కలుస్తుంది.

మాన్యువల్ విషయంలోనూ ఇదే పద్ధతి. 1875 నాటి ఇంగ్లీషు పుస్తకం మొత్తం లింకుగా పెడితే, పగలంతా పని చేసి వచ్చిన మనిషి తెరవడు. తెరవలేదని అతని మీద అలగకూడదు. ఆ పుస్తకంలో నీ స్నేహితుడి ఊరి పేరో, ఆ తాలూకా పేరో ఉన్న పేజీ వెతుకు. ఊళ్ల పేర్లు అప్పటి దొరల ఉచ్చారణలో రాసి ఉంటాయి, కాస్త ఓపికగా పట్టుకోవాలి. ఆ పేజీ ఒక్కటే ఫోటో తీసి, అందులో ఏముందో నాలుగు ముక్కలు తెలుగులో రాసి పంపు. ‘మీ ఊరి చెరువు గురించి నూటయాభై ఏళ్ల కిందట ఇలా రాశారు, ఆ చెరువు ఇప్పుడెలా ఉంది?’ అని అడుగు. చివర్లో ఉన్న ఆ ప్రశ్న ముఖ్యం. నీకు తెలిసింది చెప్పి ఊరుకోకుండా, అతనికి తెలిసింది నువ్వు అడుగుతున్నావు. మీ బావకు సేద్యం ఉంటే ఆయనకూ ఇదే పంపొచ్చు. పాత సర్వే మ్యాపుల్లో వంకలు, చెరువులు, బండ్ల దారులు గీసి ఉంటాయి. తన పొలం పక్క వంక పాత మ్యాపులో ఎటు పోయిందో చూడటానికి ఇష్టపడని రైతు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆయన నోరు మూయించాలని మాత్రం పంపకు. ఆ ఉద్దేశం ఉంటే అస్సలు పంపకు.

నీ మాటల వెనక ఇంకో అనుమానం కూడా ఉన్నట్టు నాకు అనిపించింది. ‘నాకు తెలిసినవి ఎవరికి కావాలిలే’ అని. మీ జిల్లాలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. కలివికోడి పేరు వినే ఉంటావు. జెర్డాన్ అనే ఆయన 19వ శతాబ్దంలో లోకానికి పరిచయం చేసిన పిట్ట అది. 1900లో అనంతపురం దగ్గర కనపడిందని రాసుకున్నాక మళ్లీ ఎవరికీ దొరకలేదు. పక్షుల శాస్త్రం చదువుకున్నవాళ్లు అది అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు అది సిద్ధవటం పక్కన లంకమల అడవి అంచుల్లో మళ్లీ దొరికింది. పట్టిచ్చింది పెద్ద చదువులు చదివిన మనిషి కాదు, రాత్రిపూట టార్చి లైటుతో వేటకు పోయే ఆ ప్రాంతపు మనిషే. లోకం పోయిందనుకున్న పిట్ట ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పేరుతో సహా తెలుసు. అది రాత్రిపూట తిరిగే పిట్ట, పొదల్లో దాక్కుంటుంది, కంటికి కనపడటమే అరుదు. దాని కూత రికార్డు కావడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తర్వాత పరిశోధకులు అడవిలో తమంతట తామే ఫోటో తీసే కెమెరాలు పెట్టి, రికార్డు చేసిన కూత వినిపించి దానికోసం వెతికారు. పాటలూ ఫోటోలూ ఇష్టపడే నీలాంటివాడు ఈ కథ తెలుసుకోవాలని నాకు చాలా కోరిక. ఒక శబ్దాన్ని పట్టుకోవడం, ఒక బొమ్మను పట్టుకోవడం ఒక పిట్ట బతుకుకే ఆధారమైన చోటు మీ జిల్లా.

ఎక్కడో దూరాన ఉన్నది వెతికి తేవడం బాగానే ఉంటుంది. నెట్ ఉన్న ఎవరైనా గుజెంగ్ వినగలరు. మైలవరం దగ్గర పెన్నను ఎండాకాలంలోనూ, వానలు పడ్డాకా, మళ్లీ సంక్రాంతికీ ఒకే రాయి పక్కన నిలబడి చూసే వీలు నీకుంది. బెంగుళూరు నుంచి గండికోటకు వచ్చేవాళ్లు ఒక పొద్దు చూసి, లోయ ఫోటో తీసుకుని పోతారు. వాళ్లందరి ఫోటోలూ ఒక్కలాగే ఉంటాయి. నువ్వు ఏడాది పొడుగునా పోగలవు. ఒక చోటు ఎంచుకో, అదే కోణం, అదే ఎత్తు, నెలకొక ఫోటో తియ్. ఆ లోయలో కనపడే రాతి పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు. దాని వయసు వంద కోట్ల ఏళ్లకు ఎంతో పైమాటే. వెలుగు పక్క నుంచి పడే వేళ, అంటే పొద్దు పొడిచేటప్పుడూ వాలేటప్పుడూ, ఆ పొరలు ఒక్కొక్కటీ విడిగా కనపడతాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకటే ఎర్రమట్టి గోడలా ఉంటుంది. ఈ తేడా చూపించే రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఏ వేళ తీశావో రాసి పంపితే, గండికోటకు ఎన్నోసార్లు పోయొచ్చినవాడు కూడా ఆగి చూస్తాడు. లోయను వదిలి కోట లోపలికి రా. మాధవరాయ గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ దగ్గరదగ్గరే.  వీలైతే ధాన్యాగారం లోపల వెలుగు ఎలా పడుతుందో చూడు.

ఫోటో కింద ఊరు, తేదీ, వేళ రాసే అలవాటు ఇప్పుడే చేసుకో. పదేళ్ల తర్వాత దాని విలువ నీకు తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది. మంచి ఫోటో అయితే డాక్యుమెంట్‌గా పంపు, తీసింది తీసినట్టే చేరుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. లొకేషన్ ఆన్‌లో ఉంచి తీసిన ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే, ఎక్కడ తీశావో ఆ వివరం కూడా దానితోపాటే పోతుంది. ఇంటి ముందు తీసిన పిల్లల ఫోటోలకు అది మంచిది కాదు. పక్షి గూడు కనపడితే దగ్గరికి పోకు, ఆ చోటు ఎవరికీ చెప్పకు, గుడ్ల ఫోటో అసలు పంపకు. చోటు తెలిస్తే జనం వస్తారు, జనం వస్తే పిట్ట గూడు వదిలేస్తుంది. గొర్రెలు కాసే ముసలాయననో, నీళ్లు మోసే ఆమెనో తీసేటప్పుడు ముందు అడుగు. తీశాక వాళ్లకు చూపించు. మళ్లీ అటు పోయినప్పుడు ప్రింటు వేయించి ఇచ్చి రా. నిజం చెప్పాలంటే ఫోటో పంచుకోవడంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ప్రింటే. గ్రూపులో పెట్టింది రేపటికి కిందికి జారిపోతుంది, చేతికిచ్చిన ప్రింటు గోడకెక్కుతుంది.

చిన్నాయన కొడుకు చెప్పిన ఛానల్ మాట. ఇప్పుడు వద్దంటాను. కారణం డబ్బులు రావనో, చూసేవాళ్లు ఉండరనో కాదు. పది మంది ఉన్న గ్రూపులో జవాబు రాకపోతేనే నువ్వు నెలల తరబడి మూగబోయావు. ఛానల్‌లో ప్రతి వీడియో కింద ఎంతమంది చూశారో అంకె కనపడుతుంది. ఆ అంకె పెరగడం కోసం, నీకు నచ్చినవి వదిలేసి అందరూ చూసేవి వెతకడం మొదలుపెడతావు. పైగా సినిమా పాటలు పెడితే హక్కుల గొడవలు వస్తాయి. నీ ఇష్టం మీద నీకే పట్టు చిక్కాక, ఎవరు చూసినా చూడకపోయినా నిద్రపట్టే రోజు వచ్చాక పెట్టు. అప్పుడు నేనే చూస్తాను.

దానికి బదులు నీ ఫోటోలకు ఇంకో చోటుంది. వికీమీడియా కామన్స్ అని, ఎవరైనా సొంతంగా తీసిన ఫోటోలు ఎక్కించే చోటు. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ల మీద వ్యాసాలుంటాయి. చాలావాటికి ఒక్క ఫోటో కూడా ఉండదు. నువ్వు ఆదివారాలు తిరిగే దారిలో ఉన్న ఊళ్ల పేర్లు వెతికి చూడు. గుడి, చెరువు, బడి, ఊరి వాకిలి, ఏది తీసినా పనికొస్తుంది. అక్కడ పెట్టిన ఫోటోను నీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. అందుకు ఇష్టమైతేనే పెట్టు. మెప్పు అక్కడ పెద్దగా దొరకదు. కానీ ఆ ఊరు వదిలి దూరంగా బతుకుతున్న మనిషి ఎవరో తన ఊరి పేరు వెతికినప్పుడు నీ ఫోటో కనపడుతుంది. నీ స్వభావానికి అది ఛానల్ కంటే బాగా నప్పుతుంది.

పాత పుస్తకాల పిచ్చి ఉన్న తోడు కావాలంటే ఫోన్ పక్కన పెట్టి కడపకు పో. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉన్నది బ్రౌన్ బంగళా ఉండిన చోటే. అక్కడ కూర్చుని పండితులతో తాళపత్రాలకు నకళ్లు రాయించిన మనిషి ఆయన. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించినవాడూ ఆయనే. మెకంజీ అనే దొర సేకరించిన మన ఊళ్ల కైఫీయత్తులను, అంటే ఊళ్ల చరిత్రలను కూడా ఆ కేంద్రం అచ్చు వేసింది. గ్రిబుల్ కంటే నీకు అవి ఎక్కువ నచ్చుతాయని నా నమ్మకం, ఎందుకంటే అవి తెలుగులో, ఊళ్లవాళ్లు చెప్పిన మాటల్లో ఉంటాయి. ప్రొద్దుటూరు కైఫీయతు అడిగి చూడు. చదువుకోవడానికి వచ్చేవాళ్లలో నీలాంటివాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లతో మాట కలుపు.

చివరికి మీ జేజి సంగతి. నీ ఉత్తరంలో అందరికంటే నాకు ఆమె మీదే ధ్యాస ఉండిపోయింది. ముందు చెవుల డాక్టరుకు చూపించు. వయసు మీదపడిందని వదిలేస్తుంటారు. ఒక్కోసారి గులిమి అడ్డుపడి కూడా వినపడదు, అది తీస్తే సరిపోతుంది. మిషన్ అవసరమైతే అదీ డాక్టరే చెబుతాడు. డాక్టరు ఫరవాలేదంటే చెవులను కప్పే హెడ్‌ఫోన్స్ పెట్టి, మరీ పెద్ద శబ్దం లేకుండా పాట వినిపించు.

ఆ తర్వాత ఇంకో పని. ఇన్నాళ్లూ నువ్వు పెట్టావు, ఆమె విన్నది. ఇప్పుడు ఆమె పాడితే నువ్వు విను. ఆ వయసు మనిషికి రోకటి పాటలో, కోలాటం పాటలో, లాలి పాటలో, బ్రహ్మంగారి తత్వాలో ఏవో ఒకటి వచ్చే ఉంటాయి. తాళ్లపాక మీకు ఎంతో దూరం కాదు కాబట్టి అన్నమయ్య సంగతి చెబుతాను. ఆయన పాటలు రాగిరేకుల మీదకెక్కి తిరుమలలో భద్రంగా ఉండిపోయాయి. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఆయన ఏ బాణీలో పాడాడో ఎవరికీ తెలియకుండా పోయింది. 20వ శతాబ్దంలో అవి వెలుగులోకి వచ్చాక అనంతపురం జిల్లాలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు కూర్చుని ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరం కట్టాల్సి వచ్చింది. మీ జేజి పాటలకు బాణీ ఉంది, కాగితం లేదు. మాటా, బాణీ రెండూ ఆమె దగ్గరే ఉన్నాయి, ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు కూడా. గ్రిబుల్ పుస్తకం ఇంకో వందేళ్లు నెట్‌లో ఉంటుంది, దానికి తొందర లేదు. ఇది ఈ నెలలోనే మొదలుపెట్టు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె కాస్త తీరిగ్గా ఉన్న వేళ చూడు. ఫ్యాన్ ఆపు, టీవీ ఆపు, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆమె ముందు మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచు. పాడమని అడగడం మీ ఆవిడకు వదిలెయ్. ఆడవాళ్లు అడిగితే ఆడవాళ్లకు మరిచిపోయిన పాటలు కూడా గుర్తొస్తాయి. చరణం తప్పితే అందించకు, ఆమే వెతుక్కోనీ. పాటయ్యాక రికార్డింగ్ ఆపకుండా, ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏ పనప్పుడు పాడేవాళ్లు అని అడిగించు. ఫైలుకు ఆమె పేరు, ఊరు, తేదీ పెట్టు. పాట మాటలు మీ ఆవిడా నువ్వూ కలిసి ఒక నోట్‌బుక్‌లో రాయండి. చిన్నాయన కొడుక్కి ఫోన్‌లు, కంప్యూటర్లు బాగా తెలుసు కాబట్టి, కాపీలు రెండు మూడు చోట్ల దాచే పని అతనికి అప్పజెప్పు. బయట ఎవరికైనా వినిపించే ముందు మాత్రం జేజిని అడుగు. వద్దంటే ఇంట్లోనే ఉంచండి.